నవ్వితేనే మోగే మైకు

గుండ్లమెట్ట బస్టాండుకు బస్సులు వేళకు రావు. రావన్న కబురు మాత్రం వేళకే వస్తుంది. ఆ కబురు చెప్పే మనిషి పేరు కంఠంనేని నాగభూషణం. ఇంటిపేరులో కంఠం, పేరులో ఆ కంఠానికి చుట్టుకునే పాము. అలాంటివాడు మైకు ముందు కాకపోతే ఇంకెక్కడ కూర్చుంటాడు?

ఆయన కూర్చునే గది మీద 'విచారణ' అని రాసి ఉండేది. ఎండకూ వానకూ చివరి అక్షరం రాలిపోయి 'విచార' అని మిగిలింది. డిపోలో ఎవరూ దాన్ని దిద్దించలేదు. ఆ కిటికీ దగ్గరికి వచ్చేవాళ్లలో విచారం లేనివాడు ఒక్కడూ ఉండడు కాబట్టి బోర్డు ఇప్పుడే సరిగ్గా ఉందని వాళ్ల ఉద్దేశం.

బస్టాండులో లౌడుస్పీకర్లు నాలుగు. ఒకటి ప్రహరీగోడతో మాట్లాడుతుంది. ఒకదాంట్లో పావురం కాపురం పెట్టింది. మిగిలిన రెండూ పలుకుతాయి గానీ, నాగభూషణం ఇటునుంచి పలుకులు పోస్తే అవి అటునుంచి పిండి వదులుతాయి. ఒక్క అక్షరం తేలదు. అందుకని గుండ్లమెట్ట ప్రయాణికులు ఎప్పుడో మాటలు వినడం మానేశారు. బాణీ వింటారు. ఏ ఊరి బస్సో గడియారం చెప్తుంది, దానికేమైందో గొంతు చెప్తుంది.

గొంతు చకచకా మెట్లెక్కితే బస్సు వచ్చి నిలబడిందని. మెట్లు దిగి దిగి కింద చతికిలబడితే ఆలస్యమని. ముందుగా ఒక దగ్గు వినబడితే మాత్రం బస్సు రద్దని. అది మామూలు దగ్గు కాదు. పరామర్శకు వెళ్లినవాడు గుమ్మంలో చెప్పులు విడుస్తూ దగ్గే దగ్గు. అది వినగానే బస్టాండంతా ఒక్కసారి నిట్టూర్చి కూర్చునేది. టిఫిను డబ్బాల మూతలు లేచేవి. టీ కొట్టు మస్తాను రెండో స్టవ్వు వెలిగించేవాడు. డిపో మేనేజరు గదికేసి ఎవరూ కోపంగా చూసేవారు కాదు. మనకోసం అంత బాధపడుతూ చెప్తున్నాడే, ఇంక మనమేం అంటాం అని సర్దుకుపోయేవారు.

నాగభూషణం ఇల్లు బస్టాండు వెనక వీధిలోనే. ఆయన భార్య సుగుణ ఆ గొంతును బట్టే అత్తెసరు పడేసేది. దగ్గు పడిందంటే ఆయన కిటికీ దగ్గర జనాన్ని ఓదార్చి వచ్చేసరికి పొద్దుపోతుంది, పొయ్యి తొందరపడక్కర్లేదు.

సాగని బస్సులతో ఇలా సాఫీగా సాగిపోతున్న డిపో మీదికి పెద్దాఫీసు నుంచి ఆరోగ్యం వచ్చి పడింది.

జరిగిందేమిటంటే, ఎక్కడో దూరపు డిపోలో ఒక కండక్టరు మిట్టమధ్యాహ్నం బస్సు ఆపించి, టికెట్ల మిషను తుమ్మకొమ్మకు తగిలించి, పొలాలకు అడ్డంబడి వెళ్లిపోయాడు. వెళ్లింది అత్తారింటికి. కొత్తల్లుడు, ఆ వేళ అక్కడ కోడిపలావు. మర్నాడు వచ్చి మిషను దించుకున్నాడు కూడా. కానీ ఆలోగానే పెద్దాఫీసులో ఒక కమిటీ పుట్టేసింది. పుట్టాక అది ఊరుకుంటుందా, ఏడవాలి కదా. సిబ్బందికి మతులు చలిస్తున్నాయని ఏడ్చింది. బస్సులు చలించకపోయినా సర్దుకోవచ్చు గానీ మతులు చలించడానికి వీల్లేదని తీర్మానించి, ఒక ఉత్తర్వు కన్నది.

"సిబ్బంది యొక్క మనస్సులందు దాగియున్న అస్వస్థతను వారి స్వరములందు పసిగట్టి, తద్వారా స్వస్థత చేకూర్చు నిమిత్తము స్వరస్వస్థ అను పథకమును ఇందుమూలముగా ప్రారంభించడమైనది."

అమలు చేయడానికి జిల్లాకొక స్వర సంక్షేమాధికారిని వేశారు. గుండ్లమెట్టకు వచ్చినాయన ప్రఫుల్లకుమార్. అంతకుముందు టైర్ల విభాగంలో చేసేవాడు. పైకి నిండుగా కనబడేవాటిలో గాలి ఎంత తగ్గిందో పట్టుకునే అనుభవం ఉందని ఆయనకీ పని అప్పగించారు. పేరుకు తగ్గట్టు ఎప్పుడూ వికసించే ఉంటాడు. నిద్రలో కూడా ఆ పళ్లు లోపలికి వెళ్తాయో లేదో తెలియదు.

ఆయన వెంట ఒక పెట్టె వచ్చింది. టిఫిను క్యారియరంత ఉంటుంది. నెత్తిమీద బల్బు. మనిషి దాని ముందు మాట్లాడితే లోపల ఏదో కాసేపు గుయ్యిమని ఆలోచిస్తుంది. మనసు బాగుంటే పచ్చ, బాగాలేకపోతే ఎరుపు.

"ఇది మాటలను వినదు. స్వరమును మాత్రమే వింటుంది," అన్నాడు ప్రఫుల్లకుమార్ సిబ్బందినంతా గ్యారేజీలో కూర్చోబెట్టి. "మాటలు అబద్ధమాడవచ్చును. స్వరము ఆడదు. కరెంటు పోయినా దీనికి బాధ లేదు, లోపల బ్యాటరీ ఉన్నది."

"మరి మనకి బాధుందో లేదో అదెలా చెప్తుందండీ, దానికే బాధ లేకపోతే?" అన్నాడు వెనక నుంచి ఒక డ్రైవరు.

"ముందుగా మీరే రండి," అన్నాడు అధికారి.

డ్రైవరు వచ్చి పెట్టె ముందు నిలబడ్డాడు.

"మీరెలా ఉన్నారు?"

"ఏదో ఇలా ఉన్నామండీ."

ఎరుపు.

తరవాత ఒక కండక్టరు. "ఎలా ఉన్నారు?" "అలా గడిచిపోతోందండీ, మీ దయ." ఎరుపు. ఇంకొకాయన "బతికున్నాం లెండి" అన్నాడు. ఎరుపు వెలగడమే కాక పెట్టె ఒకసారి ఎక్కిళ్లు పెట్టింది.

ఇక్కడ గుండ్లమెట్ట మర్యాద ఒకటి చెప్పాలి. ఆ ఊళ్లో ఎవరూ బాగున్నామని చెప్పరు. నిన్ననే కొత్తింట్లో గృహప్రవేశమై, మొన్ననే కొడుక్కి ఉద్యోగం వచ్చి, అటుమొన్న తనకు ప్రమోషను వచ్చినవాణ్ణి అడిగినా, మెడ కాస్త వంచి, గొంతు కాస్త దించి, ఏదో ఇలా ఉన్నామండీ అంటాడు. బాగున్నానని గట్టిగా అంటే పక్కింటి కళ్లూ పైనున్నవాడి చెవులూ ఒకేసారి పడతాయి. అందుకని ఎంత బాగుంటే గొంతు అంత కిందికి దిగుతుంది. పెట్టెను తయారుచేసిన చోట మాత్రం ఎలా ఉన్నావంటే అద్భుతంగా ఉన్నానని అరిచే జనం ఉన్నట్టుంది. దానికి దిష్టి తెలియదు, ఎర్రనీళ్లతో దిష్టి తీసినట్టు అందరికీ ఎర్రబల్బు తిప్పుతూ పోయింది.

పొద్దెక్కేసరికి డిపో మొత్తానికి డిప్రెషనని తేలింది. "డిపోలో ఉన్నవాడికి రాకపోతే మరెవరికొస్తుంది?" అన్నాడు మస్తాను టీ గ్లాసులు ఏరుకుంటూ.

ఒక్కడికే పచ్చ వెలిగింది. మెకానిక్కు సింహాద్రి. ఆయన పొద్దున్నే ఎక్కడికో వెళ్లి, ఏదో పుచ్చుకుని, బస్సు కింది నుంచి తిన్నగా పెట్టె ముందుకొచ్చాడు.

"ఎలా ఉన్నారు?"

"నేనా? రాజాలా ఉన్నాను సార్. మీరెలా ఉన్నారు, అమ్మగారెలా ఉన్నారు? పెట్టె బాగుంది, ఎక్కడ కొన్నారు?"

లేత అరిటాకులా పచ్చగా వెలిగింది బల్బు. ప్రఫుల్లకుమార్ లేచి నిలబడ్డాడు. "ఆదర్శ స్వరము. ఈయనను స్వరమిత్రగా నియమిస్తున్నాను. అస్వస్థులందరూ ఈయన వద్ద ఉపదేశము పొందవలెను," అన్నాడు. సింహాద్రి తనకు తానే నమస్కారం పెట్టుకున్నాడు.

మిగిలింది నాగభూషణం. ఆయన గది వదిలి రాలేడు కాబట్టి పెట్టే ఆయన గదికి వెళ్లింది. వెళ్లేవేళకు పాలవాగు బస్సు ఎక్కడో కొండమలుపులో కూలబడిందని ఫోనొచ్చింది. నాగభూషణం మైకు మీట నొక్కి దగ్గాడు.

దగ్గుకే ఎరుపు వెలిగింది. "పాలవాగు వెళ్లవలసిన" అనేసరికి నెత్తుటెరుపు. "రద్దు చేయడమైనది" అని ఆయన ముగించేసరికి పెట్టె కొట్టుకుంటోంది.

ప్రఫుల్లకుమార్ కుర్చీ దగ్గరికి లాక్కుని, మెత్తగా, ఆసుపత్రిలో మాట్లాడినట్టు అడిగాడు. "ఎప్పటి నుంచి ఈ దుఃఖము?"

"దుఃఖం నాది కాదండీ. పాలవాగు బస్సుది."

"ఇతరుల దుఃఖమును తనపై వేసుకొనుట," అన్నాడు అధికారి వెనక నిలబడ్డ డిపో మేనేజరు వీరరాఘవులుతో, గుర్తుపెట్టుకోమన్నట్టు.

"ఏళ్ల తరబడి ఇలాగే చెప్తున్నానండీ. ఇక్కడి పద్ధతే అంత."

"దీర్ఘకాలికము."

"నాకేం లేదండీ, నేను బాగానే..." బాగానే అన్న మాట అలవాటు లేక గొంతులో సగమే వచ్చింది. ఎరుపు.

"వ్యాధి లేదని వాదించుట. ఇది ముదిరిన లక్షణము."

ఇంక ఏమన్నా ప్రమాదమేనని నాగభూషణం నోరు మూసుకున్నాడు.

"మౌనము," అన్నాడు ప్రఫుల్లకుమార్ జాలిగా, తల ఊపుతూ. "పైగా గది మీద విచారమని బోర్డు కట్టుకున్నారు."

చికిత్స అప్పటికప్పుడే నిర్ణయమైంది. మైకు తీగను పెట్టెలోంచి పోనిచ్చారు. గొంతు సంతోషంగా ఉండి పచ్చ వెలిగితేనే మైకు మోగుతుంది. ఎరుపు వెలిగితే గొంతు అక్కడికక్కడే తెగుతుంది. "నేను మరల తనిఖీకి వచ్చునప్పటికి పచ్చ వెలగవలెను. వెలగనిచో మీకు ప్రశాంతత కల్పించుటకై టైర్ల గోడౌనుకు పంపెదము. అచ్చట మాట్లాడు పని లేదు. మీ స్థానములో పెద్దాఫీసు వారు సంతోషకరమైన ఒక గొంతును రికార్డు చేసి పంపెదరు."

మైకు ఉన్నవాడికి ఎరుపు, మైకంలో ఉన్నవాడికి పచ్చ. నాగభూషణం సైకిలు తోసుకుంటూ ఇంటికి వెళ్లాడు. ఎక్కి తొక్కాలనిపించలేదు. పుట్టి బుద్ధెరిగాక ఆయనకు వచ్చిన పని ఒక్కటే, ఆ మైకు ముందు కూర్చుని నలుగురి కష్టం నలుగురికీ నొప్పి తగలకుండా చెప్పడం. టైర్లకు చెప్పడానికి ఏముంటుంది?

సుగుణ అన్నం పెట్టింది. ఆయన రెండు ముద్దలు తిని, గొంతు సవరించుకుని, పళ్లన్నీ బయటపెట్టి, "సుగుణా, పప్పులో ఉప్పు వెయ్యడం మర్చిపోయావు," అన్నాడు.

పాట పాడినట్టున్న ఆ గొంతుకు సుగుణ గరిటె కింద పెట్టేసింది. "ఏవండీ, ఒంట్లో బాగుందా?"

"సాధన చేస్తున్నానే. సంతోషంగా మాట్లాడకపోతే మైకు తీసేస్తారట." జరిగిందంతా చెప్పాడు.

సుగుణ నవ్వలేదు. ఉప్పు తెచ్చి పప్పులో కలిపింది. "పెళ్లిచూపుల్లో మా నాన్న అడిగితే మీరు 'అమ్మాయి నచ్చిందండీ' అన్నారు గుర్తుందా? ఆ గొంతు విని, ఎవరో పోయారనుకుని మా అమ్మ వంటింట్లోంచి పరిగెత్తుకొచ్చింది. మీ సంతోషమే అంత. దానికి మెట్లు కిందికే కట్టారు."

"మరేం చెయ్యను?"

"ఏదో ఒకటి చెయ్యండి. ఆ మైకు పోతే రోజంతా చెప్పుకోవలసినవన్నీ మోసుకొచ్చి ఇంట్లో చెప్తారు. నేను పడలేను." అని, కాస్త ఆగి, "పైగా వంట ఎప్పుడు మొదలెట్టాలో నాకెవరు చెప్తారు?" అంది.

మర్నాడు పొద్దున్నే ఆయన స్వరమిత్ర సింహాద్రి దగ్గరికి వెళ్లాడు. సింహాద్రి బస్సు కింద పడుకునే ఉపదేశం చేశాడు. "గురువుగారూ, ఇందులో ఏమీ లేదు. నోటితో బస్సు సంగతి చెప్పండి, మనసులో మాత్రం మీకు ఇష్టమైంది తలుచుకోండి. నాకైతే తలుచుకోవలసిన అవసరం కూడా ఉండదు, ముందే పుచ్చుకుంటాను."

నాగభూషణానికి మిరపకాయ బజ్జీలంటే ప్రాణం. పాలవాగు బస్సు ఆ పూట కూడా రద్దయింది. ఆయన కళ్లు మూసుకుని, బాణలిలోంచి అప్పుడే తీసిన బజ్జీని, దాన్ని నిలువునా చీల్చి కూరిన ఉల్లిపాయనూ, పైన పిండిన నిమ్మచెక్కనూ తలుచుకుని మీట నొక్కాడు. గొంతు మేళతాళాలతో మెట్లెక్కింది. పచ్చ వెలిగింది. మైకు మోగింది.

గుండ్లమెట్ట బస్టాండు చెవులు రిక్కించింది. మెట్లెక్కే గొంతంటే బస్సు వచ్చినట్టు. పాలవాగు జనమంతా మూటలెత్తుకుని ప్లాట్‌ఫారం మీదికి పరిగెత్తారు. అక్కడున్నది రాయవలస బస్సు. గొంతు మీద నమ్మకంతో ఎక్కేశారు. పాలవాగులో పెళ్లికి బయల్దేరిన ఒక చుట్టాల గుంపు రాయవలసలో దిగి, అక్కడ కనబడిన పందిట్లోకి వెళ్లి, పన్నీరు చల్లించుకుని, భోజనాలకు కూర్చుంది. వరుడి పేరు అడగాలని వాళ్లకు పాయసం దాకా తోచలేదు.

వెనకబడి బస్సు అందని వాళ్లు కిటికీ మీదికి వచ్చారు. అందరికంటే ముందు తిరుపతమ్మ. నడుం వంగిన ముసలమ్మ, వారానికోసారి పాలవాగులో ఉన్న చెల్లెలి దగ్గరికి వెళ్తుంది.

"ఏం నాయనా, బస్సు లేదని మేం ఏడుస్తుంటే నీకు అంత సంబరంగా ఉందా?"

"సంబరం కాదు పెద్దమ్మా, చికిత్స."

"మా ఆయన పోయినప్పుడు మా తోటికోడలు కూడా ఇంత హుషారుగా కబురు చెప్పలేదు."

ఆ మధ్యాహ్నం జనం మొదటిసారి డిపో మేనేజరు గది కిటికీ అద్దం పగలగొట్టారు. వీరరాఘవులు బల్ల కింద నుంచే ప్రఫుల్లకుమార్‌కు ఫోను చేశాడు.

"ప్రయాణికులు అరుస్తున్నారు సార్."

"ఏ స్వరములో అరుస్తున్నారు?"

"బూతుల్లో సార్."

"మాటలు కాదు, స్వరము. పరీక్షించి తెలపండి. రెండవ పెట్టెను పంపుచున్నాను."

రెండో పెట్టెను బస్టాండు గేటు దగ్గర పెట్టారు. ప్రయాణికులు వచ్చి "పాలవాగు బస్సు ఎప్పుడండీ" అని అడగడం, ఎరుపు వెలగడం. ఏళ్లుగా అడుగుతున్న ప్రశ్న, అందులో ఆశ ఎక్కడుంటుంది? రోగం సిబ్బందికే కాదు, ప్రజలకూ పాకిందని పెద్దాఫీసు వారు గ్రహించారు. ప్రయాణం వల్ల ఒత్తిడి పెరుగుతుంది కనుక ఎరుపు వెలిగినవాళ్లను బస్సు ఎక్కించరాదని కొత్త ఉత్తర్వు వచ్చింది. పచ్చ వెలిగేది ఏ ఊరూ వెళ్లక్కర్లేనివాళ్లకే. అలాంటివాళ్లు ఊరికే బస్సెక్కరు కదా. బస్సులు ఖాళీగా తిరిగాయి, ఒక్క ఫిర్యాదూ రాలేదు. గుండ్లమెట్ట డిపోలో ప్రయాణికుల అసంతృప్తి పూర్తిగా అంతరించినదని పెద్దాఫీసు అభినందించింది.

పథకం అక్కడితో ఆగలేదు. మస్తాను "చాయ్, చాయ్" అన్న కేకను పరీక్షిస్తే అదుపు తప్పిన ఉత్సాహమని తేలింది. గొంతు తగ్గించమన్నారు. పాపం ఆయన ఒక్కొక్కరి వెనక్కి వెళ్లి చెవిలో "చాయ్" అని గుసగుసలాడితే, ఉలిక్కిపడి లేచినవాళ్ల చేతులు తగిలి ఉన్న చాయ్ ఒలికిపోయేది. తరవాత బస్సుల హారన్లకూ గొంతులు ఉన్నాయని ఎవరికో తోచింది. పరీక్షిస్తే ఒక్క హారనూ పచ్చకు రాలేదు. పాత బస్సొకటి మోగితే పెట్టె దానికి వెంటనే సెలవు సిఫార్సు చేసింది. హారన్లన్నీ విప్పి చికిత్సకు పంపారు. డ్రైవర్లు తలలు బయట పెట్టి "జరగండి బాబూ" అని అరుచుకుంటూ పోయేవారు, ఆ అరుపులకు మళ్లీ ఎరుపు.

ఈలోగా నాగభూషణం బజ్జీలు అరిగిపోయాయి. మొదట్లో ఒక బజ్జీకి ఒక బస్సు చొప్పున లాగాడు. తరవాత తలుచుకుంటే నోరూరడం మానేసింది. పునుగులకు మారాడు. పునుగులూ చల్లబడ్డాయి. సుగుణ అన్న మాట గుర్తొచ్చి తన పెళ్లి తలుచుకున్నాడు, గొంతు నేరుగా నేలమాళిగకు దిగింది. ఎరుపు వెలగడం, మైకు తెగడం. బస్టాండులో సగం ప్రకటనలు "ప్రయాణికులకు..." దగ్గరే ఆగిపోయేవి. జనం వాటిని విని, ప్రయాణికులకు ఏమైందోనని కంగారుపడేవారు.

తనిఖీ రోజు రానే వచ్చింది. ప్రఫుల్లకుమార్ పెద్ద సూట్‌కేసుతో దిగాడు. బస్టాండు మధ్యలో షామియానా వేసి, గుండ్లమెట్టను ఆదర్శ స్వరస్వస్థ డిపోగా ప్రకటించాడు. గేటు దగ్గర పరీక్ష ఆ పూటకు ఎత్తేశారు, సభకు జనం కావాలి కదా. సింహాద్రికి శాలువా కప్పారు. సింహాద్రి దాన్ని చేతులు తుడుచుకునే గుడ్డ అనుకుని వెంటనే వాడుకలో పెట్టాడు.

సభ అయ్యాక అధికారి వీరరాఘవులును పక్కకు పిలిచాడు. "నేను రాయవలస ఆఖరి బస్సుకు వెళ్లవలెను. అది మా అత్తవారి ఊరు. రేపు ఉదయముననే మామగారి షష్టిపూర్తి. మా ఆవిడ ముందే వెళ్లినది. నేను అందుకోకపోయినచో..." ఇక్కడ మొదటిసారి ఆయన పళ్లు కొంచెం లోపలికి వెళ్లాయి. "అందుకొనవలెను."

"ఉందండీ బస్సు. సింహాద్రి స్వయంగా చూశాడు, రాజాలా ఉందన్నాడు."

"అయితే ఆ విచారం గదిలో పని ముగించుకొని ఎక్కెదను."

నాగభూషణం పొద్దుటి నుంచి ఒక్క ప్రకటన కూడా పూర్తిగా వినిపించలేకపోయాడు. ప్రఫుల్లకుమార్ వచ్చి పక్కన కూర్చుని, బల్బు కనబడేలా కుర్చీ జరుపుకున్నాడు.

"ఒక్క ప్రకటన. పచ్చ వెలిగినచో మైకు మీది, మీరు స్వస్థులు. లేనిచో రేపు ఉదయము గోడౌను."

నాగభూషణం మైకు మీద చెయ్యి వేశాడు. ఇన్నేళ్ల అరచేతి చెమటకు దాని మెడ నున్నబడింది. ఇదే ఆఖరిసారేమో అనుకున్నాడు. బజ్జీని తలుచుకున్నాడు, రాలేదు. పునుగు, రాలేదు.

అప్పుడు గ్యారేజీ నుంచి ఫోను మోగింది. నాగభూషణం ఎత్తి విన్నాడు. "సరే," అని పెట్టేశాడు. రాయవలస ఆఖరి బస్సు ఇంజను లోపల ఏదో విరిగింది. రాజుగారు ఇవాళ సింహాసనం దిగరు.

నాగభూషణం పక్కకు చూశాడు. ప్రఫుల్లకుమార్ బల్బునే చూస్తున్నాడు. కాళ్ల దగ్గర సూట్‌కేసు. సూట్‌కేసు మీద మామగారికి కాబోలు, జరీ అంచు పంచెల పొట్లం.

అప్పుడు నాగభూషణానికి కడుపులో ఎక్కడో, బజ్జీ ఎన్నడూ వెళ్లనంత లోపల, ఏదో కదిలింది. అది పైకి లేచింది. ఛాతీలోకి వచ్చింది. గొంతులోకి వచ్చింది. ఆయన ఆపుకోలేదు, మీట నొక్కాడు.

"ప్రయాణికులకు విజ్ఞప్తి. రాయవలస వెళ్లవలసిన ఆఖరి బస్సు అనివార్య కారణాల వల్ల రద్దు చేయడమైనది."

అంత సంతోషం ఆ మైకు ఎన్నడూ మోయలేదు. గొంతు మెట్లెక్కి, డాబా ఎక్కి, డాబా మీద నుంచి గాలిపటం ఎగరేసింది. లౌడుస్పీకర్లోంచి పావురం బయటికొచ్చి చూసింది. బల్బు వెలిగిన పచ్చకు గది గోడలు వరిచేనయ్యాయి.

ప్రఫుల్లకుమార్ కళ్లు చెమర్చాయి. వృత్తిధర్మం ప్రకారం ఆయన ఒక్క మాట కూడా వినలేదు. స్వరమే విన్నాడు. "స్వస్థత," అన్నాడు నాగభూషణం చేతులు పట్టుకుని. "మీ హృదయములో ఇంతటి ఆనందము ఎచ్చట దాగియున్నదండీ?"

"ఏదో, మీ దయండీ," అన్నాడు నాగభూషణం నిజంగానే.

స్వస్థుడైనవాడికి మందుతో పని లేదు కనుక తీగ విప్పి పెట్టెను మైకు నుంచి వేరు చేయించాడు అధికారి. దాన్ని ఒక అట్టపెట్టెలో పెట్టించి, తరవాతి డిపోకు తానే పట్టుకెళ్తానని చంకన పెట్టుకున్నాడు. సూట్‌కేసు ఎత్తుకుని, "అదిగో, నా బస్సు పిలుచుచున్నది," అని ప్లాట్‌ఫారం కేసి వడివడిగా నడిచాడు. బాణీ అలా ఉంది మరి.

గదిలో నాగభూషణం ఒక్కడే మిగిలాడు. మైకు ఆయనది. కిటికీలోంచి చూస్తే ప్లాట్‌ఫారం మీద ఆయన గొంతు నమ్మి పరిగెత్తిన రాయవలస జనం మూటలతో, పిల్లలతో నిలబడి ఉన్నారు. వాళ్లను చూడగానే వచ్చిన సంతోషం వచ్చినట్టే దిగిపోయింది. ఆయన మీట నొక్కి దగ్గాడు.

ఎన్నాళ్ల తరవాతి దగ్గు అది. బస్టాండంతా ఒక్కసారి ఆగి విన్నది. తరవాత నిట్టూర్చింది. మూటలు దిగాయి. టిఫిను డబ్బాల మూతలు లేచాయి. మస్తాను రెండో స్టవ్వు వెలిగించి, గొంతు విప్పి "చాయ్" అని కేకేశాడు. వెనక వీధిలో సుగుణ పొయ్యి మంట తగ్గించింది.

ప్లాట్‌ఫారం మీద ప్రఫుల్లకుమార్ ఒక్కడే నిలబడి ఉన్నాడు. చుట్టూ జనం ఎందుకు కూర్చుంటున్నారో ఆయనకు అర్థం కాలేదు. దగ్గర్లో బెంచీ మీదున్న తిరుపతమ్మను అడిగాడు. "ఏమన్నారమ్మా?"

"ఏమన్నాడో ఎవరు వింటారు బాబూ. బస్సు లేదు."

"లేదని ఎవరు చెప్పినారు?"

"దగ్గాడుగా." ఆమె పక్కకు జరిగి చోటిచ్చింది. "కూర్చో. నువ్వు బాధపడకు. మనందరి తరఫునా ఆ నాయన బాధపడుతున్నాడు."

ఆయన సూట్‌కేసు మీద చూపు నిలిపి, జేబులో మోగుతున్న ఫోను తీసి చూసి, మళ్లీ జేబులో పెట్టేసి, మెల్లగా కూర్చున్నాడు. అట్టపెట్టెను ఒళ్లో పెట్టుకున్నాడు. అంత పెద్దమనిషి అలా ముడుచుకుని కూర్చుంటే తిరుపతమ్మకు జాలేసింది. పలకరించకపోతే బాగుండదనుకుంది.

"ఏం బాబూ, బాగున్నావా?"

ప్రఫుల్లకుమార్ మెడ కాస్త వంచాడు. గొంతు కాస్త దించాడు.

"ఏదో ఇలా ఉన్నానమ్మా."

తిరుపతమ్మ అట్టపెట్టె సందులోకి తొంగిచూసింది. "అదేంటి, లోపల అంత ఎర్రగా ఉంది? టమాటాలా? మూత తీసి ఉంచు నాయనా, పొద్దుటికి మెత్తబడిపోతాయి."